ఓర్చుకోమన్న మాట

ఆ సాయంత్రం అనకాపల్లి గవరపాలెంలోని ఆ డాబా మీది గదిలోకి ఎవరైనా తొంగి చూసి ఉంటే ముచ్చటపడేవారు. అరవైకి దగ్గరపడిన ఒక స్త్రీ పంజాబీ డ్రస్సు వేసుకుని, తల నేలకు ఆనించి, గోడ దన్నుతో కాళ్లు నిటారుగా పైకెత్తి నిలిచి ఉంది. పక్కన ముప్ఫై దాటిన ఒక యువతి ఒక చేత్తో ఆమె మడమలు పట్టుకుని, రెండో చేత్తో సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తోంది.

“ఇంకొంచెం సేపు పెద్దమ్మగారూ. ఎంత బాగా వస్తోందో తెలుసాండీ!”

“అమ్మా, కళ్లు బరువెక్కిపోతన్నాయి. గుడ్లు బయటికి వచ్చీసినట్టుంది.”

“తలకి రక్తం బాగా అందుతోందండి. మంచిదే. మొదట్లో అలాగే ఉంటుంది. ఓర్చుకోండి.”

ఆమె ఓర్చుకుంది.

ఇందులో తప్పేముందని అడగవచ్చు. ఒకరు శ్రద్ధగా నేర్పుతున్నారు, ఇంకొకరు భక్తిగా నేర్చుకుంటున్నారు. ఇంతకన్నా మంచి దృశ్యం ఏముంటుంది? కానీ ఆ గదిలో ఆ సాయంత్రం నిజంగా జరుగుతున్నది ఒక మనిషి కంటిచూపు పోవడం. ఆ సంగతి చేసేవారికీ తెలియదు, చేయించేవారికీ తెలియదు.

చేయించే యువతి పేరు పావని. మాకవరపాలెం దగ్గర ఒక పల్లెలో చెరకు రైతు కూతురు. డిగ్రీ చదివింది, పెళ్లయి అనకాపల్లి వచ్చింది. భర్త చిన్నబాబు అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. బిడ్డ పుట్టాక పావనికి నడుం నొప్పి పట్టుకుని, కూర్చుంటే లేవలేని స్థితి వచ్చింది. ఎవరో చెబితే యోగా మొదలుపెట్టింది. కొద్దికొద్దిగా నొప్పి సర్దుకుంది. తనకు జరిగిన మేలు పదిమందికి జరగాలని విశాఖపట్నం వెళ్లి శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఆమె నమ్మకంలో కల్తీ లేదు. ఈ కథలో విచారించవలసిన విషయం కూడా అదే. చెడ్డవాళ్ల చేతిలో చెడు జరిగితే మనం సులువుగా అర్థం చేసుకుంటాం. మంచి నమ్మకంతో ఉన్న మనిషి చేతిలో జరిగినదాన్ని అర్థం చేసుకోవడమే కష్టం.

పొద్దున్న పార్కులో పదిమందికి కలిపి నేర్పేది. ఆ తరవాత, అడిగిన వారి ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరికి విడిగా నేర్పేది. అలా ఆమెకు దొరికిన విద్యార్థిని నూకరత్నం.

నూకరత్నం గురించి బెల్లం మార్కెట్‌లో తెలియనివారు లేరు. భర్త మంగరాజు పోయినప్పుడు కొడుకు నానాజీ ఇంకా చదువుకుంటున్నాడు. బెల్లం దుకాణం అమ్మేసుకోమని అందరూ సలహా చెప్పారు. ఆమె వినలేదు. కొంగు నడుంలో దోపి మార్కెట్ యార్డులోకి దిగింది. రైతులు వరసగా పేర్చిన బెల్లం దిమ్మల మధ్య నడుస్తూ, వంగి చూసి, ఒక అంచు గిల్లి వేళ్ల మధ్య నలిపి, ఏ దిమ్మ ఏ రకమో చెప్పేసేది. వేలం పాటలో మగవాళ్లు గొంతు పెంచితే ఆమె ఇంకాస్త పెంచేది. తూకంలో తేడా కనిపిస్తే సరుకు మోసే కలాసీలనైనా, కొనుగోలుదార్లనైనా నిలబెట్టి కడిగేసేది. “రత్నమ్మ కన్ను పడిందంటే అయిపోనాదిరా,” అనుకునేవారు యార్డులో. దిమ్మ రంగు చూసి పాకం ఎక్కడ ముదిరిందో చెప్పగల కన్ను ఆమెది.

అటువంటి ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. కొడుకు ఎదిగి దుకాణం అందుకున్నాక, పని తగ్గాక, నిద్ర కరువైంది. పార్కు దారిలో వెళ్తూ పావని క్లాసు చూసి, ఇంటికి వచ్చి నేర్పమని అడిగింది.

మొదటిరోజు పావని ఆమెను అడిగింది: “జబ్బులేమైనా ఉన్నాయాండీ?”

“నాకేటి జబ్బు? సుగరు లేదు, బీపీ లేదు, గుండె రాయినాగుంటాది. నిద్దరొకటే లేదు,” అంది నూకరత్నం నవ్వుతూ.

పావని కూడా నవ్వింది. ప్రశ్న అక్కడితో ముగిసింది. శిక్షణలో ఒకరోజంతా ఈ విషయమే చెప్పారు. కన్ను, చెవి, కీలు, నడుం, ఆపరేషన్లు, కాన్పులు, వాడే మందులు, అన్నీ విడివిడిగా అడగాలని చెప్పారు. పావనికి అది గుర్తుంది. కానీ అంత పెద్దావిడను, అదీ మొదటిరోజే, డాక్టరులా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే బాగుండదనిపించింది.

నూకరత్నం అబద్ధం చెప్పలేదు. మన ఊళ్లలో జబ్బంటే సుగరు, బీపీ, గుండె. ఆమెకు నీటికాసులు ఉన్నాయి. డాక్టర్లు గ్లకోమా అంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నరాన్ని కొంచెం కొంచెంగా తినేసే వ్యాధి. ఆమె తండ్రి ముసలితనంలో చూపు పోగొట్టుకున్నది దీనితోనే. ఆ భయంతో ఆమె ఏళ్ల తరబడి పడుకునే ముందు రెండు కళ్లలో చుక్కలు వేసుకుంటోంది. అది ఆమెకు జబ్బు కాదు. పళ్లు తోముకోవడంలాంటి అలవాటు. యోగా నేర్పే అమ్మాయికి దాని గురించి చెప్పాలని ఆమెకు తోచలేదు.

మొదటి నెలలు బాగా గడిచాయి. పావని మెల్లగా నేర్పింది. కూర్చునే పద్ధతి, ఊపిరి తీసే పద్ధతి, వెల్లకిలా పడుకుని ఒళ్లు వదిలేసే పద్ధతి. నూకరత్నానికి నిద్ర పట్టడం మొదలైంది. పోయిన నిద్ర తిరిగి వచ్చిన మనిషికి దాన్ని ఇచ్చినవారి మీద కలిగే గౌరవం చిన్నది కాదు. గురుపౌర్ణమినాడు ఆమె పావనిని పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చీర, పళ్లు చేతిలో పెట్టింది.

“నా కూతురీడుదానివి. అయినా నాకు గురువువే. నువ్వు ఏది సెప్తే అది సేత్తాను,” అంది.

పావని కళ్లు చెమర్చాయి. తన జీవితంలో ఎవరూ ఆమెకు అంత మర్యాద చేయలేదు. ‘నువ్వు ఏది చెబితే అది’ అన్న మాటలో ఎంత బరువుందో ఆ క్షణాన ఆమెకు తెలియలేదు. అది ఆశీర్వాదంలా వినిపించింది.

ఇలాగే ఒక సాయంత్రం మాటల్లో మాటగా పావని అంది: “మనసు పెట్టి చేస్తే చాలండి, ఒంటికి ఏ మందూ అక్కర్లేదు. నన్నే చూడండి, నడుంకి ఒక్క మాత్ర వేసుకుంటున్నానా?”

ఆ మాట పావని చాలామందికి చెప్పింది. చాలామంది విని ఊరుకున్నారు. నూకరత్నం ఊరుకోలేదు. ఆమెకు అది గురువు మాట. ఆ వారమే చుక్కల సీసా అయిపోయింది. కొత్తది కొనలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా. నయమయ్యాక ఒకేసారి చెప్పి అందరినీ ఆశ్చర్యపరుద్దామనుకుంది.

ఆ తరవాత శీర్షాసనం వచ్చింది. దాన్ని నూకరత్నం అడగలేదు. నిద్ర కోసం వచ్చిన మనిషికి తలకిందులుగా నిలబడవలసిన పనిలేదు. ఆ సంగతి పావనికీ తెలుసు. కానీ ఆ రోజుల్లో ఊళ్లో ఇంకో టీచరు పేరు వినిపిస్తోంది. ఫోన్లలో ఒకరి వీడియోలు ఒకరు చూసుకుంటున్నారు. కూర్చుని ఊపిరి పీల్చేవాళ్లను వీడియో తీస్తే ఎవరు చూస్తారు?

“నాకెందుకమ్మా ఈ వయసులో ఇదంతానూ,” అంది నూకరత్నం మొదటిసారి.

“మీరు చెయ్యగలరండి. నేను పట్టుకుంటానుగా,” అంది పావని.

చేసింది. బెల్లం మార్కెట్‌లో మగవాళ్ల మధ్య నిలబడ్డ మనిషికి గోడ పక్కన తలకిందులుగా నిలబడడం ఎంత? ఆ వీడియో ఊరంతా తిరిగింది. మార్కెట్‌లో జనం ఆమెను ఆపి మరీ మెచ్చుకున్నారు. పావనికి కొత్త విద్యార్థులు వచ్చారు. ఇద్దరికీ సంతోషంగానే ఉంది.

దీపం చుట్టూ రంగుల వలయం కనిపిస్తోందని నూకరత్నం ఒకసారి చెప్పింది. ధ్యానం కుదురుతున్నప్పుడు కొందరికి అలా కాంతి కనిపిస్తుందట అని పావని ఎక్కడో విన్నది చెప్పింది. కళ్లు బరువుగా ఉన్నాయని ఇంకోసారి చెప్పింది. ఓర్చుకోమంది. మూడోసారి నూకరత్నం చెప్పడం మానేసింది.

విద్యార్థి చెప్పడం మానేస్తే బాధ తగ్గిందని గురువు అనుకుంటారు. చాలాసార్లు తగ్గేది బాధ కాదు, చెప్పాలన్న ధైర్యం.

ఒక ఉదయం యార్డులో నూకరత్నం ఒక వరస బెల్లానికి పెద్ద ధర పాడింది. పాట ముగిశాక నానాజీ వెళ్లి చూస్తే దిమ్మలు అడుగున నల్లబడి ఉన్నాయి.

“ఏటమ్మా ఇది? ఇలాటిది నువ్వెలా పాడేవు?”

“ఎర్రగానే కనపడిందిరా నాకు.”

నానాజీ తల్లి మొహంలోకి చూశాడు. అప్పుడే ఎడమ పక్కనుంచి దిమ్మల బండి తోసుకుంటూ ఒక కలాసీ “పక్కకి, పక్కకి” అని అరుస్తున్నాడు. ఆమె కదల్లేదు. బండి మోచేతికి తగిలి పడబోయింది. అంత పెద్ద బండి ఆమెకు కనబడలేదని నానాజీకి అర్థమైంది. అక్కడికక్కడే కారెక్కించి విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

మర్నాడు పావనికి ఫోన్ వచ్చింది. “టీచరుగారూ, ఇంక మీరు రానక్కర్లేదండి,” అన్నాడు నానాజీ. ఎందుకని అడిగేలోపు పెట్టేశాడు.

పావని స్కూటీ తీసి సూటిగా గవరపాలెం వెళ్లింది. నానాజీ గుమ్మంలోనే నిలబెట్టేశాడు.

“ఏటి సేసేరండి మా అమ్మని? ఎడం కన్ను పోనాది. కుడిదానిలో సగమే ఉందంట. తలకిందులుగా ఎవరు నిలబెట్టేరని తిట్టేరు డాక్టరుగారు. మందు ఎవరు మానిపించేరని అడిగేరు. ఏటని సెప్పమంటారు?”

ఏ మందు? ఏ కన్ను? ఆ మాటలు ఆమె మొదటిసారి వింటోంది.

లోపలినుంచి నూకరత్నం గొంతు వినిపించింది. “నానాజీ, ఆ పిల్లని లోపలికి రానీ.”

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. చూడడానికి కన్ను కన్నులాగే ఉంది. వాపు లేదు, ఎరుపు లేదు. పావని ఎడమ వైపు నుంచి దగ్గరికి వెళ్లింది. నూకరత్నం ఇంకా గుమ్మంవైపే చూస్తూ, “ఏదమ్మా, రాలేదేటి?” అంది. పావని ఆమె పక్కనే నిలబడి ఉంది.

“ఇక్కడే ఉన్నానండి,” అంది పావని. వెక్కి ఏడ్చింది.

నూకరత్నం మొహం తిప్పి, కుడి కంటితో ఆమెను వెతికి పట్టుకుంది. “నువ్వు ఏడవకు. కంట్లో మందేసుకుంటన్నానని నాను నీకు సెప్పలేదు కదా. నీ తప్పేటున్నాది?”

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ మాట వినగానే పావనికి గుండె తేలికపడింది. తప్పు తనది కాదన్నారు, అదీ నష్టపోయిన మనిషే అన్నారు. ఇంటికి వెళ్తూ దారిపొడవునా ఆ మాటే మనసులో తిప్పుకుంది. మనలో చాలామంది అక్కడితో ఆగిపోతాం. ఎదుటివారు పెద్దమనసుతో క్షమిస్తే, దాన్ని తీర్పుగా తీసుకుని ఇంటికి పోతాం.

పావని కూడా ఆగిపోయేదేమో. కానీ మర్నాడు పొద్దున్న పార్కులో క్లాసు చెబుతుండగా ఒకావిడ ముందుకు వంగి, “మేడమ్, మెడ లాగేస్తోందండి,” అంది. పావని అలవాటుగా “ఓర్చు...” అనబోయి ఆగిపోయింది. మాట సగంలో తెగింది. క్లాసంతా ఆమెవైపు చూస్తోంది. ఈ మాట తను రోజుకి ఎన్నిసార్లు అంటోందో ఆమెకు తెలియదు. ఎంతమంది ఓర్చుకుంటున్నారో తెలియదు. ఆవిడను లేచి కూర్చోమని చెప్పి, ఆ రోజు క్లాసు అక్కడితో ముగించింది.

నూకరత్నాన్ని మళ్లీ పరీక్షకు తీసుకెళ్తున్నప్పుడు తనూ వస్తానని అడిగింది పావని. నానాజీ ఒప్పుకోలేదు. తల్లి చెబితే ఒప్పుకున్నాడు.

కంటి డాక్టర్ సుప్రియ పరీక్ష ముగించి, పావనిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆమె కోప్పడలేదు.

“ఈ జబ్బు మీరు తెచ్చింది కాదు. వాళ్ల నాన్నగారి వైపునుంచి వచ్చింది. కానీ చుక్కలు ఆపేసరికి కంట్లో ఒత్తిడి పెరిగింది. తలకిందులైన ప్రతిసారీ అది ఇంకా పెరిగింది. దేనివల్ల ఎంత నరం పోయిందో నేను విడదీసి చెప్పలేను. రెండూ మీ దగ్గర నేర్చుకుంటున్నప్పుడే జరిగాయి.”

“మందు మానమని నేను చెప్పలేదండి.”

“ఏమన్నారు?”

పావని గుర్తు తెచ్చుకుని, తను అన్నది ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతుండగానే తల వంగిపోయింది.

“ఆవిడకి అది మందుల చీటీ రాసిచ్చినట్టే వినిపించింది,” అంది డాక్టర్. “నేను చెబితే సందేహపడతారు. ఇంకో డాక్టరు దగ్గరికి కూడా వెళ్తారు. మీరు ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, ఒంటి మీద చెయ్యి వేసి నేర్పుతారు. మీ మాటకి బలం ఎక్కువ.”

“జబ్బులున్నాయా అని అడిగానండి. లేవన్నారు.”

“కొత్తలో నేనూ అలాగే అడిగేదాన్ని. అలా అడిగితే ఎవరూ చెప్పరు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం చేస్తారని అడగండి. ఏం తింటారు, ఏం వేసుకుంటారు, ఎక్కడ నొప్పి, ఏ పని చేస్తే భయం. పడుకునేముందు కంట్లో చుక్కలని ఆవిడే చెప్పేవారు. మీకు అర్థం కాకపోతే మమ్మల్ని అడగొచ్చు. అందులో చిన్నతనం ఏముంది?”

“చూపు మళ్లీ వస్తుందాండీ?”

“రాదమ్మా. పోయిన నరం రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవాలి.”

తిరిగి వస్తుంటే కారు కిటికీ పక్కన కూర్చున్న నూకరత్నం ఒక్కసారి అడిగింది: “అనకాపల్లి వచ్చీసిందా?” ఇంకా రాలేదన్నాడు నానాజీ. ఎప్పుడూ దారిలో బోర్డులన్నీ చదువుకుంటూ వచ్చే మనిషి ఆమె.

పావని ఆ శీర్షాసనం వీడియో తీసేసింది. తీసేస్తే ఏమవుతుంది? అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకో పాకిపోయింది. పాయకరావుపేట నుంచి లోవరాజు అనే రిటైర్డు ఉద్యోగి ఫోన్ చేశాడు. “మీ వీడియో సూసి నేనూ గోడ పక్కన మొదలెట్టేనండి. తల తిరిగిపోతంది. ఎన్నాళ్లకి తగ్గుతాదండి?” అని అడిగాడు. ఆపేయమని పావని బతిమాలింది. గుండెకు స్టెంటు వేశారని ఆయన అప్పుడు చెప్పాడు. ఫోన్ చేయనివాళ్లు ఎంతమంది ఉన్నారో ఆమెకు ఎన్నటికీ తెలియదు.

ఆ తరవాత తన విద్యార్థుల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆసనాలు వేయించలేదు. డాక్టర్ చెప్పినట్టు అడిగింది, వింది. బ్యాంకులో పనిచేసే శాంతికుమారి తలుపు దగ్గరగా వేసి, తనకు నెల తప్పిందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని, పొట్ట మీద పడుకునే ఆసనాలు భయం భయంగానే చేస్తున్నానని చెప్పింది. కాలేజీలో చదివే హాసిని చాలాసేపు గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

“చెప్పమ్మా. ఏదైనా సరే.”

“మీరు వెనకనుంచి వచ్చి వీపు నొక్కుతారు కదా మేడమ్. నాకు అలా ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. చిన్నప్పటినుంచీ అంతే.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“మీరు టీచరు కదా మేడమ్,” అంది హాసిని.

ఆ పిల్లకు సాయం చేస్తున్నాననుకుంటూ పావని చేతులు వేసిన ప్రతిసారీ ఆ పిల్ల భయంతో బిగుసుకుపోయింది. ఒక్క మాట, ‘ముట్టుకోనా?’ అని అడిగి ఉంటే సరిపోయేది.

కొంతమంది విద్యార్థులు ఆమె దగ్గర నేర్చుకోవడం మానేశారు. నూకరత్నం సంగతి ఊరంతా తెలిసింది. పావని ఎవరికీ సర్ది చెప్పుకోలేదు.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు నూకరత్నమే కబురు పంపింది. పావని వెళ్లేసరికి ఆమె వీధి అరుగు మీద కూర్చుని ఉంది. యార్డుకు వెళ్లడం మానేసింది. నానాజీ రోజూ ఒక దిమ్మ ముక్క తెచ్చి చేతిలో పెడితే, కుడి కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తుందట. ఏ రకమో ఒకరోజు చెప్పగలుగుతుంది, ఒకరోజు చెప్పలేకపోతుంది. చెప్పలేని రోజు అన్నం సరిగా తినదట. వాళ్ల పనిమనిషి బుజ్జి గుమ్మం దగ్గరే పావనికి ఈ మాట చెప్పింది.

“నిద్దర మళ్లీ పోనాదే,” అంది నూకరత్నం. “ఆ ఊపిరి సంగతి, పడుకునే సంగతి, అవి సేయిత్తావేటి?”

“డాక్టరుగార్ని అడగాలండి ముందు.”

“అడిగీసేను. ఊపిరి బిగబట్టకూడదు, వంగకూడదు, మిగిలింది సేసుకో అన్నారు.”

పావని కింద కూర్చుంది. అప్పటికీ చేతులు చాచలేదు. “మీకు నా దగ్గర భయం లేదాండీ?”

నూకరత్నం కుడి కన్ను ఆమెవైపు తిప్పింది. వాన చినుకులు అరుగు అంచు తడుపుతున్నాయి.

“నీ తప్పేటీ లేదని ఆవేళ అన్నాను సూడు. అది నిజం కాదమ్మా. నువ్వు ఏడిత్తన్నావని అన్నాను. కళ్లు బరువని నీకు సెప్పేను. వలయాలని సెప్పేను. నువ్వు ఇన్లేదు.” ఆ మాటలో కోపం లేదు. అందుకే అవి పావనికి ఇంకా లోతుగా దిగాయి. “నాను కూడా తప్పు సేసేను. అంతమంది మగాళ్లని మార్కెట్లో నిలబెట్టి అడిగినదాన్ని, నీ ముందు ‘సాల్లే, దించీ’ అన్లేకపోనాను. ఎందుకో తెల్దు. గురువు కదా, కాదంటే పాపమనుకున్నాను. నీకు నాను అంత పెద్దపీట ఎయ్యకుండా ఉంటే బాగుండీది.”

“పీట వేసినా నేను దిగి ఉండాల్సిందండి,” అంది పావని.

ఆ రోజు లోపలి గదిలో నూకరత్నం చాప మీద వెల్లకిలా పడుకుంది. పావని కుడి వైపున, ఆమెకు కనిపించేచోట కూర్చుంది. ప్రతి కదలిక ముందు అడిగింది. “ఇది బాగుందాండీ? ఇక్కడ ఆపమంటారా?” ఒకచోట నూకరత్నం “ఇది వద్దమ్మా” అంది. వెంటనే ఆపేసింది. ఎందుకని కూడా అడగలేదు. చాలాకాలం తరవాత ఆమెకు కాసేపు కునుకు పట్టింది. పావని లేవకుండా అక్కడే కూర్చుంది. నిద్రలో ఉన్న ఆ రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయి.

మరుసటి వేసవిలో అనకాపల్లిలో కొత్తగా యోగా నేర్పబోయేవారికి శిక్షణ పెట్టారు. ఒక స్కూలు హాల్లో ఏభైమంది దాకా కూర్చున్నారు. ఎక్కువమంది చదువుకున్న పిల్లలు, చురుకైనవాళ్లు. ఇళ్లకు వెళ్లి నేర్పడం గురించి మాట్లాడమని నిర్వాహకులు పావనిని పిలిచారు. ఆమె నూకరత్నం అనుమతి అడిగింది. “నన్ను తీసుకెళ్లి సూపించకు. సంగతి మట్టుకు దాపరికం లేకుండా సెప్పు,” అంది నూకరత్నం.

పావని దాపరికం లేకుండానే చెప్పింది. తను ఏమడిగిందో, ఏమడగలేదో చెప్పింది. మందుల గురించి అన్న మాట చెప్పింది. ఎవరి మెప్పు కోసం శీర్షాసనం వేయించిందో చెప్పింది.

చివర ఒక అమ్మాయి లేచింది. “మేడమ్, ఆవిడ ఇప్పుడు ఎలా ఉన్నారండీ? ట్రీట్‌మెంట్‌తో నయమైందా?”

ఆ ప్రశ్నలో ఒక ఆశ ఉంది. కథ మంచిగా ముగియాలని ఆ వయసువారు కోరుకుంటారు. పావని ఆ పిల్ల మొహంలోకి చూసి, ఆ ఆశ తీర్చలేకపోయింది.

“నయం కాలేదమ్మా. ఎడం కన్ను పోయింది. కుడి కన్ను ఎన్నాళ్లుంటుందో తెలియదు. నేను ఎంత ఏడ్చినా, ఎంత మారినా ఆవిడకి పోయింది తిరిగి రాదు. నేను మారడానికి ఆవిడ కన్ను ఖర్చవ్వాల్సిన పనిలేదు. అందుకే మీకు ముందే చెబుతున్నాను.”

ఆమె హాలంతటి వైపు తిరిగింది.

“పార్కులో వందమందికి చెప్పేటప్పుడు మీకు ఎవరి బాధా కనబడదు, నిజమే. కానీ ఒక ఇంటికెళ్లి ఒక్క మనిషి ముందు కూర్చున్నాక కనబడలేదంటే అది మనం చూడకపోవడమే. ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో అడగండి. ఏ మందు గురించీ మీరు తీర్పు చెప్పకండి, డాక్టర్ని అడగమనండి. ముట్టుకునే ముందు అడగండి. నొప్పి అంటే అక్కడే ఆపండి. వాళ్లకి ఏం కావాలో అదే నేర్పండి, మీకు పేరు తెచ్చేది కాదు. మన ఎదురుగా చాప మీద ఉన్న మనిషి భయం లేకుండా ‘వద్దు’ అనగలిగేలా మనం ఉండలేకపోతే, మనకి ఎన్ని ఆసనాలు వచ్చినా మనం గురువులం కాము.”